మెదడు ఏ గ్రూపు?

పదో తరగతి పరీక్షలు పూర్తి కాకముందే గన్నవరంలో మా అన్నయ్య ఇంటికి కాలేజీ పీఆర్వోలు రావడం మొదలెట్టారు. ఏసీ క్యాంపస్ అన్నారు, ఫీజులో రాయితీ అన్నారు, ఇప్పుడే అడ్వాన్సు కడితే ఇంకాస్త తగ్గిస్తామన్నారు. మా మేనకోడలు వాళ్లను అడిగింది ఒక్కటే: "నాకు లెక్కలూ కావాలి, బయాలజీ కూడా కావాలి. రెండూ చెప్తారా?" వచ్చినాయన, "ముందు ఇంజినీరింగో మెడిసినో తేల్చుకో తల్లీ, దాన్నిబట్టి గ్రూపు రాసుకుంటాం" అన్నాడట. ఫోన్లో అన్నయ్య ఈ సంగతి చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఉద్యోగం ఆయన చేశాడు. నా కోపమల్లా ఆ ప్రశ్న మీదే. పదిహేనేళ్ల పిల్లను నిలబెట్టి ఎంపీసీయా బైపీసీయా అని అడగడం, పిల్ల ఏది వద్దంటే ఆ తలుపుకి ఇక తాళం వేసేయడం మనకెప్పుడు అలవాటైపోయింది?

మా మేనకోడలు అలా అడగడానికి కారణం మా అమ్మాయి. ఇక్కడ మిషిగన్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో న్యూరోసైన్స్‌లో బీఎస్ చేస్తోంది. కిందటి వేసవిలో ఊరెళ్లినప్పుడు వదినా మరదళ్లిద్దరూ డాబా మీద పక్కలేసుకుని అర్ధరాత్రి దాకా మెదడు కబుర్లే చెప్పుకున్నారు. కల ఎలా వస్తుంది, భయం ఎక్కడ పుడుతుంది, తాతయ్యకు నిన్నటి సంగతి గుర్తుండదు గానీ యాభై ఏళ్ల కిందటి వరద ఎలా గుర్తుంది. ఆ చదువే తనూ చదువుతానని తెల్లారేసరికి మేనకోడలు నిర్ణయించుకుంది.

మా అమ్మాయి చదువు పేరు చెప్పగానే మనవాళ్లందరూ నన్ను అడిగేది, "అయితే న్యూరో సర్జన్ అవుతుందన్నమాట! ఎంబీబీఎస్ ఎప్పుడు?" అని. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మన దగ్గర ఇంటర్ కాగానే నీట్ రాసి నేరుగా మెడికల్ కాలేజీలో చేరతారు. ఇక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేశాకే మెడిసిన్. న్యూరోసైన్స్ అలాంటి డిగ్రీల్లో ఒకటి, మెడిసిన్‌కి వెళ్లేవాళ్లు చాలామంది దీన్ని తీసుకుంటారు కూడా. కానీ అది మెడిసిన్‌కి వేసిన నిచ్చెన మాత్రమే కాదు. ఇందులోంచి పరిశోధనకి వెళ్లేవాళ్లున్నారు, స్పీచ్ థెరపీకి, ఫిజియోథెరపీకి వెళ్లేవాళ్లున్నారు, చేతులు కదపలేని మనిషి మెదడు సంకేతాలతో కంప్యూటర్ నడిపే పరికరాలు తయారు చేయడానికి వెళ్లేవాళ్లున్నారు. అమెరికాలో కూడా ఇది మరీ పాత చదువేం కాదు. డిగ్రీ స్థాయిలో దీన్ని మొట్టమొదట పెట్టింది తామేనని మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్ కాలేజీ చెప్పుకుంటుంది. అది 1973లో.

నాలుగేళ్లలో ఏం చదువుతారో చూస్తే నా కోపం మీకూ అర్థమవుతుంది. మొదటి ఏడాది బయాలజీ, కెమిస్ట్రీ, కాలిక్యులస్, సైకాలజీ. తర్వాత ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్. ఆపైన నరకణం లోపల ఏం జరుగుతుంది, కణాలన్నీ కలిసి చూపునీ వినికిడినీ ఎలా తయారు చేస్తాయి. మధ్యలో ప్రోగ్రామింగ్. ఇప్పుడు చెప్పండి, ఇది ఏ గ్రూపు? ఎంపీసీ పిల్లాడు జీవకణం బొమ్మ చూసింది పదో తరగతిలోనే ఆఖరు. బైపీసీ పిల్ల పదో తరగతితో లెక్కల పుస్తకం కట్టేసింది. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ ర్యాంకులు తెచ్చుకునేవాళ్లే. కానీ ఈ చదువు గడపలోకి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా సగం సామానే ఉంటుంది.

ఆ రెండు సగాలూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో చూడండి. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు స్క్విడ్ అనే సముద్ర జీవి నరంలో విద్యుత్తు ఎలా పరుగెత్తుతుందో సమీకరణాలు రాసి నిరూపించారు. 1963లో నోబెల్ వచ్చింది. ఆ సమీకరణాలు కట్టాల్సిన సమయానికి కేంబ్రిడ్జి కంప్యూటర్ అందుబాటులో లేకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు వారాల తరబడి కూర్చున్నాడు. ఆయన కేంబ్రిడ్జిలో చేరింది ఫిజిక్స్ చదవడానికి. అక్కడి నిబంధన ప్రకారం ఇంకో సబ్జెక్టు కూడా తీసుకోవాల్సి వచ్చి ఫిజియాలజీ ఎంచుకున్నాడు, చివరికి అందులోనే స్థిరపడ్డాడు. అదే ఆయన మన ఏలూరు రోడ్డు మీద ఏ ఇంటర్ కాలేజీ హాస్టల్లోనో చేరి ఉంటే? రామవరప్పాడు రింగు దగ్గర్నుంచి గన్నవరం దాకా రోడ్డుకి రెండువైపులా ర్యాంకుల ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న వస్తుంది.

పేరెంట్స్ వీకెండ్ అని ఇక్కడ తల్లిదండ్రుల్ని యూనివర్సిటీకి పిలుస్తారు. మా అమ్మాయి నన్ను తన ల్యాబ్‌కి తీసుకెళ్లింది. స్టీలు ట్రేలో గొర్రె మెదడు, ఫార్మలిన్ ఘాటు, చేతులకి గ్లోవ్స్. మన ఆదివారం మటన్ దుకాణంలో మెత్తగా జారిపోయే మెదడు కాదిది, మందులో నాని గట్టిపడింది. రెండు సగాల మధ్య సందులో కత్తి పెట్టి మెల్లిగా కోసింది. లోపల అడ్డంగా తెల్లటి పట్టీ ఒకటి కనిపించింది. "కుడివైపు ఎడమవైపుతో మాట్లాడేది దీని ద్వారానేనమ్మా" అంది. తర్వాత వెనకున్న చిన్న మెదడుని కోసింది. కాలీఫ్లవర్‌ని నిలువునా కోస్తే కాడ, కొమ్మలు, చివర పువ్వులు ఎలా కనిపిస్తాయో అచ్చంగా అలా ఉంది. సైకిలు తొక్కడం, చేతిరాత, తడబడకుండా అడుగు వేయడం, ఇవన్నీ సాఫీగా సాగేలా చూసేది ఇదేనట.

పక్క బల్ల మీద బొద్దింక కాలు. దానికి రెండు సూదులు గుచ్చి, అరచేతిలో పట్టే పెట్టె ఒకదానికి తగిలించారు. కాలి మీది నూగుని పుల్లతో తాకగానే స్పీకర్లోంచి టపటపమని చప్పుడు. అది నరం పంపే కబురు, చెవులారా విన్నాను. సర్క్యూట్ తెలిసినవాళ్లు ఆ పెట్టె కట్టాలి, బొద్దింక తెలిసినవాళ్లు సూది ఎక్కడ గుచ్చాలో చెప్పాలి. ఆ గదిలో ఆ రెండు పనులూ ఒకే పిల్ల చేస్తోంది. చిన్నప్పుడు నేను వానపాము జీర్ణవ్యవస్థ బొమ్మని మేష్టారు గోడకి తగిలించేంత బాగా వేసేదాన్ని. లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయని నన్ను ఎంపీసీలో వేశారు. ఆ తర్వాత బయాలజీ పుస్తకం ముట్టుకునే పని పడలేదు. ఆ గదిలో నిలబడి ఈ దేశాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. పంతొమ్మిది, ఇరవై ఏళ్లొచ్చేదాకా ఏం చదవాలో తేల్చుకోవడానికి పిల్లలకి సమయం ఇస్తారు.

అలాగని అంతా ఇక్కడే ఉందనుకోవద్దు. మా అమ్మాయి క్లాసులో వృద్ధాప్యం మీద పాఠం చెబుతూ ప్రొఫెసర్ చూపించిన పరిశోధన హైదరాబాదుది! నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్నప్పుడు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం. ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండో భాష కూడా వచ్చినవాళ్లలో ఆ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చింది గానీ, అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లనా, వలస వల్లనా అనే అనుమానం మిగిలిపోయింది. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడతాడు. ఎక్కడికీ వలస పోనక్కర్లేదు. బడి మొహం చూడనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ప్రపంచంలో చాలా ల్యాబులు తేల్చలేని ప్రశ్నకి మన కూరగాయల బజారు జవాబు చెప్పింది. మా అమ్మాయి ఆ సాయంత్రం ఫోన్ చేసి చెబుతుంటే నా కళ్లు చెమర్చాయి.

ఇదంతా చెప్పాక అమెరికాని, ఆంధ్రాని తక్కెట్లో పెట్టి తూచాలనిపిస్తుంది. ఇక్కడ ల్యాబులున్నాయి, ఫీజులు నడ్డి విరుస్తాయి. అక్కడ తెలివితేటలున్నాయి, గ్రూపులు గొంతు పట్టుకుంటాయి. కానీ మెదడు దగ్గరికి వచ్చేసరికి ఆ తూకం నాకు కుదరదు. ఎందుకంటే నాకు మెదడు గురించి మొదటి పాఠం చెప్పింది ఏ దేశమూ కాదు, మా నాయనమ్మ.

పక్షవాతం వచ్చి ఆవిడకి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మిగిలింది "అదే... అదే" అన్న మాట ఒక్కటే. మంచినీళ్లకీ అదే, కోపానికీ అదే, నన్ను పిలవడానికీ అదే. వాకిట్లో మంచం వేసి కూర్చోబెడితే వీధిలో పోయే ప్రతివాళ్లూ ఆగి పలకరించేవాళ్లు. ఏ "అదే"కి ఏ అర్థమో పనివాళ్లతో సహా అందరికీ తెలిసిపోయింది. ఒక తెల్లవారుజామున విజయవాడ రేడియోలో భక్తిరంజని వస్తోంది. పాటతో పాటు లోపల్నుంచి ఇంకో గొంతు వినిపించింది. వెళ్లి చూస్తే నాయనమ్మ! ఒక్క ముక్క పలకలేని మనిషి పాటని మాటలతో సహా పాడేస్తోంది. అమ్మ దేవుడి మహిమ అని దణ్ణం పెట్టింది.

ఇన్నేళ్లకి మా అమ్మాయి దానికి కారణం చెప్పింది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టర్ దగ్గర "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ పలకలేని రోగి ఉండేవాడు. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం పాడై ఉంది. మాటని పలికించే పని ప్రధానంగా ఎడమవైపుది. పాటకి, నోటికి వచ్చిన వరసలకి కుడివైపు సాయం కూడా ఉంటుంది కాబట్టి కొంతమందికి మాట పోయినా పాట మిగులుతుంది. దీన్ని ఆసరా చేసుకునే 1973లో బోస్టన్‌లో రాగం మీదుగా మాట నేర్పే చికిత్స తయారు చేశారు. నాయనమ్మకి అప్పుడా చికిత్స అందలేదు. చికిత్స ఎలా పనిచేస్తుందో తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరున్నా, భక్తిరంజని పాటల్లోంచే ఆవిడకి "మంచినీళ్లు" అనే మాట తిరిగి వచ్చేదేమో. మా వీధికి ఆవిడ మీద ఉన్న ప్రేమకి లోటు లేదు, లేనిదల్లా ఆ చదువే. ఆ చదువు మన ఊళ్లకి రావాలని నేను ఇంత గట్టిగా కోరుకునేది అందుకే.

రాలేకపోవడానికి మనకి తక్కువేమీ లేదు. స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన సి.ఆర్. రావుగారు చిన్నప్పుడు చదువుకున్న ఊళ్లలో నూజివీడు ఒకటి, గన్నవరం పక్కనే. 1945లో ఆయన కనిపెట్టిన క్రేమర్-రావు హద్దు లేకుండా ఇవాళ నరకణాల లెక్కల పాఠం ముందుకి సాగదు. ఒక నరకణాల గుంపు చూపు గురించి ఎంత కచ్చితంగా చెప్పగలదో తూచడానికి అదే కొలబద్ద. ఐఐటీ మద్రాసులో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి మెదడు పరిశోధనలోకి వెళ్లిన శ్రీనివాస చక్రవర్తిగారు తెలుగులో సైన్స్ రాస్తున్నారు. వాళ్లెవరూ ఒక్క గ్రూపుతో ఆగిపోలేదు.

ఇప్పుడు దారి కూడా తెరుచుకుంటోంది. 2025-26 నుంచి మన ఇంటర్ బోర్డు ఎంబైపీసీ పెట్టింది. లెక్కలు, బయాలజీ రెండూ కలిపి చదవచ్చు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. కాగితం మీద వచ్చింది క్యాంపస్‌లోకి రావాలంటే మాత్రం తల్లిదండ్రులు అడగాలి. సైన్స్ చదువులు చెప్పే తిరుపతి ఐసర్ ప్రవేశ పరీక్ష చూడండి: బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ తలా 15 ప్రశ్నలు. ఒక్క గ్రూపు చదివిన మన పిల్లలు అక్కడ నాలుగో వంతు పేపర్ ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అన్నయ్యకి ఇదే వివరంగా చెప్పాను, నాలుగూ చెప్పే కాలేజీ దూరమైనా సరే అందులోనే వేయమన్నాను.

గన్నవరం వాళ్లకి నాదొక విన్నపం. మన ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉంది, చిన్నఅవుటపల్లిలో మెడికల్ కాలేజీ ఉంది. అమెరికాలో 1996లో మొదలైన బ్రెయిన్ అవేర్‌నెస్ వీక్‌ని ఏటా మార్చిలో జరుపుతారు, యూనివర్సిటీ వాళ్లు మెదడు నమూనాలు పట్టుకుని బడులకి వెళ్తారు. మార్చిలో మన పిల్లలకి పరీక్షలు కాబట్టి మనం ఆగస్టులో పెట్టుకుందాం. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒక్క రోజు ఆ కాలేజీల అనాటమీ ల్యాబులకి పిలవండి. గొర్రె మెదడు ఖర్చు నేను పెట్టుకుంటాను, బొద్దింక కాలు వినిపించే పెట్టె ఈసారి వచ్చేటప్పుడు తెస్తాను. గ్రూపు సంగతి ఆ రోజు తర్వాత పిల్లల్నే అడుగుదాం.