చిన్న తూటా మీద మోజు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో గ్రీన్ కార్డు రాగానే ఇల్లు, పెద్ద కారు అయ్యాక, కొందరి మనసు తుపాకీ మీదికి పోతుంది. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ ఆ ఊసే ఉండదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉంటే తప్ప, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కార్డు చేతికొచ్చాక దుకాణంలో 4473 ఫారం నింపి, తనిఖీ పూర్తయితే చాలు. అప్పుడు మనవాళ్ళు కొనేది ఎక్కువగా 9 ఎంఎం పిస్టల్. ఒకటి రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తారు. ఆ చప్పుడుకీ అదురుకీ బెదిరి, తెచ్చి లాకర్లో పెట్టేస్తారు. అది మళ్ళీ వెలుగు చూసేది ఇల్లు మారినప్పుడే.

నా మోజు వేరు. నాకు చిన్న రివాల్వర్లంటే ఇష్టం. .22, .32 దాటి పైకి పోను. ఎందుకని అడిగేవాళ్ళకు నేను ముందు చూపించేది తుపాకీని కాదు, తూటాల పెట్టెల్ని.

.22 లాంగ్ రైఫిల్ 1887 నాటి తూటా. దానికంటే పాతదైన .22 షార్ట్‌ని స్మిత్ అండ్ వెస్సన్ 1857లో తన మొదటి రివాల్వర్ కోసం తెచ్చింది. రెండూ ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. లాంగ్ రైఫిల్‌లో గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. సిలిండర్‌లోని అదే గదిలో నెమ్మదైనదీ పడుతుంది, వేగమైనదీ పడుతుంది. సీసీఐ కంపెనీ ‘క్వైట్’ రకం సెకనుకు 710 అడుగుల వేగంతో పోతే, అదే కంపెనీ ‘స్టింగర్’ 1640 అడుగులంటుంది. పెట్టె మీది అంకెలు రైఫిల్ లెక్క. రివాల్వర్‌కి బ్యారెల్ పొట్టి, పైగా సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి కొంత వాయువు జారిపోతుంది. అందుకే చేతిలో అంత వేగం రాదు. పల్లెపట్టున పొలాలున్నవాళ్ళు పాముల కోసం సన్నటి సీసపు గుళ్ళు నింపిన రకం కూడా వాడతారు.

.22 తూటాల్లో మందు అంటించే మసాలా తూటా అడుగున అంచులో ఉంటుంది. అది అంచంతా సమంగా పరుచుకోకపోతే ఒక్కోసారి పేలదు. బ్యారెల్ గురి వైపే ఉంచి అర నిమిషం ఆగి, మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలా రివాల్వర్లలో తర్వాతి గది ముందుకొస్తుంది. పిస్టల్ అయితే స్లైడ్ లాగి ఆ తూటాను బయటపడేయాలి. ఆ అంచును గట్టిగా కొట్టాలి గనక స్ప్రింగు బిగువుగా పెడతారు. చిన్న తుపాకీ కదా, ట్రిగ్గర్ తేలికనుకుంటే వేలే జవాబు చెబుతుంది.

రూగర్ సింగిల్-సిక్స్ లాంటి వాటిలో రెండో సిలిండర్ కూడా ఇస్తారు. అది బిగిస్తే 1959లో వచ్చిన .22 మాగ్నమ్ పేల్చవచ్చు. మాగ్నమ్ గదిలో మామూలు .22 మాత్రం వేయకూడదు. వదులుగా ఉండి తూటా గొట్టం చీలుతుంది.

.32 వంశవృక్షం ఇంకా సరదా. .32 స్మిత్ అండ్ వెస్సన్ 1878లో పుట్టింది, లాంగ్ 1896లో, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ మాగ్నమ్ 1984లో. 2007లో ఫెడరల్, రూగర్ కంపెనీలు కలిసి .327 మాగ్నమ్ ప్రకటించాయి. నా రూగర్ ఎస్‌పీ101 ఈ ఆఖరిదాని కోసం చేసిందే. పై మూడూ దానికంటే పొట్టి కాబట్టి అన్నీ అందులో పడతాయి. పాతదాంట్లో కొత్తది పట్టదు, పట్టకూడదు. ఉదయం వాడ్‌కట్టర్ రకం .32 లాంగ్‌తో మొదలుపెడతాను. దాని ముక్కు చదునుగా ఉండి కాగితానికి గుండ్రంగా, నీటుగా చిల్లు పెడుతుంది. చెయ్యి కుదురుకున్నాక ఒక వరస .327. అదే చేత్తో, అదే తుపాకీతో రెండు వేర్వేరు లోకాలు. ఇదే సైజు రివాల్వర్లో .357 అయితే అయిదు పడతాయి, ఇవి ఆరు.

మామగారు గుంటూరు కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన సందర్శకుల వీసా మీద వచ్చారు గనక పేల్చడానికి లేదు. ఓసారి నాతో రేంజ్‌కి వచ్చి అద్దాల గదిలో కూర్చుని చూశారు. బయటికొచ్చాక ఖాళీ తూటా గొట్టం ఒకటి చేతిలోకి తీసుకుని, “ఇది .32 కదా బాబూ! మా ఫైళ్ళన్నీ ఇవే” అన్నారు.

నిజమే. మన దగ్గర .38, .455, 9 ఎంఎం సైన్యం, పోలీసుల సరంజామా కింద నిషిద్ధ బోర్లు. అందుకే లైసెన్సుదారుకి ఎక్కువగా మిగిలేది .32. కాన్పూర్ ఆయుధ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ కూడా అదే. అర కిలో బరువు, అప్పటి ధర లక్షా 22 వేల పైన.

“ఇవాళ ఎన్ని కాల్చారు?” అన్నారు.

“వంద దాకా అయ్యుంటాయండీ.”

ఆయన నవ్వారు. “మా దగ్గర ఏడాదికి ఇన్ని తూటాలే కొనాలని లైసెన్సు పుస్తకంలో రాసేవాళ్ళం. కొందరు అవి కూడా కొనేవారు కాదు. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం. ఆ రివాల్వర్‌కి తెలిసిన దారి అదొక్కటే.”

ఆ మాటలో మన 9 ఎంఎం మిత్రులు కూడా ఉన్నారనిపించింది. అక్కడ చట్టం తూటాలు లెక్కపెట్టింది, ఇక్కడ వీళ్ళు తమంతట తామే మానేశారు. రెండు చోట్లా మిగిలింది బీరువాలో వస్తువే. చిన్న తూటాను చులకన చేసేవాళ్ళు ఒకటి మరిచిపోతారు: హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌కి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ పోటీ .22తోనే. జస్పాల్ రాణా 2006లో దోహాలో స్వర్ణం గెలిచిన సెంటర్ ఫైర్ పోటీలో ఎక్కువమంది వాడేది .32 లాంగ్. గురి నేర్పేది అదురు కాదు, లెక్కలేనన్ని సార్లు కాల్చడం.

అందుకే కొత్తగా కొనేవాళ్ళు సలహా అడిగితే .22 చెబుతాను. యాభై తూటాల పెట్టె కొద్ది డాలర్లకే వస్తుంది. 2013లో లాగా అరలు ఖాళీ అయ్యే రోజులు వస్తే మాత్రం తంటా. .32 ఖరీదు, అన్ని దుకాణాల్లోనూ దొరకదు, రుచి మరిగాకే దాని జోలికి పోవాలి. చిన్నదని ఏమరుపాటు కూడదు. .22 పెట్టె మీదే మైలున్నర దూరం పోగలదని హెచ్చరిక ఉంటుంది. పదిహేడేళ్ళలోపు పిల్లలకు తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో కేసు. సీసం అంటిన చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. ఇవన్నీ సరేననుకుని, నెలకోసారైనా రేంజ్‌కి వెళ్ళే ఓపిక ఉంటేనే కొనండి. లేకపోతే ఆ డబ్బు ఇంటికి మంచి తాళాలకూ అలారానికీ పెట్టడం మేలు.