ఆవ పెట్టిన బర్గర్

టాటానగర్ స్టేషన్లో దిగేసరికి తెల్లవారుజామున ఐదున్నర. జనవరి చలి చెవుల్లోంచి దూరి పళ్లదాకా వచ్చింది. రాత్రంతా పై బెర్తాయన గురక, కింద నా మోకాళ్ల గోల. కద్మాలో మావయ్య ఇంటికి చేరి, అత్తయ్య ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతులా పట్టుకునేదాకా నాకు మాట పెగల్లేదు.

మావయ్య యాభై ఏళ్ల కిందట శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ కంపెనీలో చేరాడు. ఇక్కడ కంపెనీ అంటే ఒకటే, పేరు చెప్పక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ టైము అడిగితే గంట చెప్పడు, "బీ షిఫ్ట్ దిగే వేళైంది" అంటాడు. మొదటి రెండు రోజులూ బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం, జూబ్లీ పార్కు, డిమ్నా చెరువు, అత్తయ్య చేతి వంటా. వాటి గురించి రాయాలంటే రాయొచ్చు గానీ, నా మనసు మూడో రోజు సాయంత్రం మీద ఉంది.

బావ కొడుకు ఉన్నాడు, ఇరవై ఏళ్లు, ఇంజినీరింగ్. నాకు అల్లుడి వరస. వాడి తెలుగులో మూడో వంతు హిందీ, కొంచెం బెంగాలీ, మాట విరుపు మాత్రం అచ్చం శ్రీకాకుళం. వాడి ఫోన్‌లో ఒక జాబితా ఉంది. జార్ఖండ్‌లో తను తిన్న బర్గర్లన్నీ ఊరి పేరు, ధర, పదికి ఎన్ని మార్కులు అన్న వివరాలతో రాసుకున్నాడు. పరీక్ష ఒక్కటే: బన్నును బొటనవేలితో నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి. లేవకపోతే ఐదు మార్కులు పోయినట్టే.

"మావయ్యా, ఈ పూట నీకు ఒకటి చెత్త, ఒకటి ఏక్‌దమ్ మస్త్, రెండూ తినిపిస్తా" అన్నాడు. "ముందు చెత్తది తింటేనే రెండోదాని విలువ తెలుస్తది."

మావయ్య పేపరు దించి చూశాడు. "ఏటి, బన్నులో బోండా పెట్టుకు తినడానికి ఊరంతా తిరుగుతార్రా?"

చెత్తది బిష్టుపూర్‌లో ఒక కేఫేలో దొరికింది. అద్దాల తలుపు, ఈ చలిలో కూడా ఏసీ, గోడ మీద న్యూయార్క్ బొమ్మ. బర్గర్ నల్లగా వచ్చింది. బొగ్గుపొడి కలిపిన బన్నట, ఆరోగ్యానికి మంచిదట. బొగ్గు తవ్వే రాష్ట్రంలో బొగ్గు తినిపించడం ఏం వ్యాపారమో! జారిపోకుండా మధ్యలో వెదురు పుల్ల గుచ్చారు. ఎత్తు అరచేయంత ఉంది. నోరు ఎంత తెరిచినా పట్టదు. చాకూ ఫోర్కూ తీసుకుంటే మెత్తటి సాసులో లోపలి ముక్కలు చెల్లాచెదురయ్యాయి. రెండొందల అరవై రూపాయలు. నేను బొటనవేలితో నొక్కాను. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. అల్లుడు విజయగర్వంతో నవ్వాడు.

మస్త్‌ది సాక్చీలో. గోల్‌చక్కర్ నుంచి బజారు వైపు వెళ్లి, చెప్పుల దుకాణాల వరస దాటి ఒక సందులోకి తిరిగితే బల్బు కింద ఒక ఠేలా. పేరూ బోర్డూ లేవు. చుట్టూ పదిమంది, అందులో ముగ్గురు అప్పుడే డ్యూటీ దిగినట్టున్నారు, హెల్మెట్లు చేతికి వేలాడుతున్నాయి. బండికి ఎడమ పక్క బొగ్గుల పొయ్యి మీద లిట్టీలు కాలుతున్నాయి, కుడి పక్క పెనం మీద బర్గర్లు. సత్తుపిండి కూరిన గోధుమ ఉండలూ పాశ్చాత్య బన్నూ ఒకే బండి మీద ఇలా పక్కపక్కన ఉండగా నేనెక్కడా చూడలేదు. బండి తండ్రిదట. ఆయన బీహార్ నుంచి కాంట్రాక్టు పనికి వచ్చి, పని పోయాక లిట్టీ బండి పెట్టాడట. కొడుకు బర్గర్ చేర్చాడు. "నాన్న పొయ్యి ఆర్పనివ్వలేదు, అందుకని రెండూ" అన్నాడు.

ముందు నా కన్ను పెనం మీద పడింది. మనం దోసెలకు వాడే పెనం కాదది. వేలెడు మందం, నలుపలకల ఇనుప పలక, అంచులు ఒకపక్క గరుగ్గా ఉన్నాయి. తుక్కు దుకాణంలో తూకానికి కొన్నాడట తండ్రి, మిల్లు పలక. ఒకసారి వేడెక్కితే గంటసేపు చల్లారదట. దాని మీద అర చెంచా వెన్న పడేస్తే చుంయ్‌మని శబ్దం రాలేదు, నెమ్మదిగా పాకింది. కోసిన బన్నును వెన్న మీద బోర్లించి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కాడు. పక్కనే టిక్కీ. ఉడికిన ఆలుగడ్డ, బఠాణీ, పచ్చిమిర్చి, వేయించిన జీలకర్ర, బయట రొట్టె పొడి. మన ఆలూ బోండాకి శనగపిండి తీసేసి చదును చేస్తే వచ్చేది ఇదే. మావయ్య మాట అబద్ధం కాదు.

కానీ తర్వాత జరిగింది వేరు. తెల్లటి మయొనైజ్ కోసం చూస్తున్నాను. అతను బండి కింద నుంచి పాత హార్లిక్స్ సీసా తీశాడు. లోపల పసుపుపచ్చటి ముద్ద. మూత తీయగానే ఘాటు ఎగిరి ముక్కులో పొడిచింది. చెంచాతో తీసి బన్ను మీద పూశాడు. దాని మీద టిక్కీ, ఉల్లి చక్రాలు, కీరా, చిటికెడు నల్లుప్పు. పేపరులో చుట్టి చేతిలో పెట్టాడు. నలభై రూపాయలు.

మొదటి కొరుకు దగ్గరే ఆగిపోయాను. కళ్లలో నీళ్లు. ఘాటు వల్లనే అనుకోండి. కాసుందీ అది. బెంగాలీవాళ్లు ఆవాలు నానబెట్టి, నూరి, ఊరబెట్టి చేసే పచ్చడి. పక్క వీధిలో ఒక బెంగాలీ మాసీ చేసిస్తుందట. నా నాలుకకి మాత్రం అది బెంగాల్ కాదు. అమ్మ రోట్లో ఆవాలు నూరి, పొయ్యి దించిన పనసపొట్టు కూరలో కలిపి, "వేడి మీద కలిపితే చేదెక్కిపోద్ది" అనేది కదా, ఆ ఆవ. కూర అరగంట ఊరాక గిన్నె మూత తీస్తే ఇదే ఘాటు. ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో వెతుక్కున్న వాసన, సాక్చీ సందులో, బన్ను మధ్యలో!

"ఎట్లుంది?" అన్నాడు అల్లుడు. ఇంకొకటి చెప్పమన్నాను. రెండోదాని కింద గుడ్డు వేయించుకున్నాను, ఆవకీ గుడ్డుకీ స్నేహం తెలిసినవాణ్ణి గనుక. బొటనవేలి పరీక్ష చేయడం మర్చిపోయాను. వాడు చేశాడు. లేచింది. బన్నులు రోజూ సాయంత్రం నాలుగింటికి మాంగో వైపు బేకరీ నుంచి రేకు పెట్టెలో సైకిల్ మీద వస్తాయట. ఏడున్నరకల్లా అయిపోతే బండివాడు ఇక లిట్టీలే అమ్ముతాడు.

తిరిగొస్తూ కీనన్ స్టేడియం పక్క నుంచి వచ్చాం. వాడికి అది క్రికెట్. నాకు ఆ పేరు గుచ్చుకుంది. జాన్ కీనన్ అమెరికన్, 1930లలో ఇక్కడ జనరల్ మేనేజర్, దేశానికి తిరిగెళ్లాక ఈ ఊరి మీద 1943లో పుస్తకం కూడా రాశాడు. అతనొక్కడే కాదు. జంషెడ్‌జీ టాటా సలహా కోసం వెళ్లిన పెరిన్ న్యూయార్క్ ఇంజినీరు. కర్మాగారానికీ తొలి ఊరికీ నక్షా గీసింది పిట్స్‌బర్గ్ కెన్నెడీ కంపెనీ. ఈ ఊరి తొలి రోజుల్లో ఎందరు అమెరికన్లో! 1912 ఫిబ్రవరి 16న సాక్చీలో మొదటి ఉక్కు కడ్డీ వచ్చింది. అమెరికాలో బర్గర్ గొలుసు దుకాణాలకు ఆద్యమైన వైట్ కాజిల్ విచిటాలో తెరిచింది 1921లో. అప్పటికి ఇక్కడ ఉక్కు పోస్తూ తొమ్మిదేళ్లు. అంటే బర్గర్ ఊరి మనుషులు ముందే వచ్చారు, బర్గర్ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1996లో ఢిల్లీ వసంత్ విహార్‌లో మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పుడు గొడ్డుమాంసం మానేసింది. ఆ తర్వాత ఆలూ టిక్కీని బన్నులోకి ఎక్కించింది. సాక్చీ బండి దాకా రావడానికి ఆ టిక్కీకి ఇంకెంతో కాలం పట్టలేదు.

ఈ లెక్కలన్నీ రాత్రి మావయ్యకి చెబితే ఆయనకి వేరే గర్వం. ఈ చోటు కనిపెట్టిన కథ: 1907 చివర్లో వెల్డ్ అనే అమెరికనూ, శ్రీనివాసరావు అనే మనిషీ గుర్రాల మీద తిరుగుతూ, సువర్ణరేఖలో ఖర్కాయి కలిసే చోటు చూశారట. నీళ్లున్నాయి, దగ్గర్లో కాళీమాటి స్టేషన్ ఉంది. ఆ స్టేషనే 1919లో టాటానగర్ అయింది, సాక్చీ జంషెడ్‌పూర్ అయింది. "శ్రీనివాసరావంటే మనోడే" అన్నాడు మావయ్య. పేరు తప్ప ఆయన దగ్గర వేరే ఆధారం లేదు. "కన్నడాయన కావచ్చు కదా" అన్నాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మధ్యలో రెండు రోజులు రాంచీ వెళ్లాం. అల్లుడి జాబితాలో అక్కడ నాలుగు పేర్లున్నాయి, నాలుగూ తిన్నాం, నాకు గుర్తున్నది మాత్రం బస్టాండు దగ్గర తిన్న ధుస్కా, బియ్యం శనగపప్పు నూరి నూనెలో పోసిన పొంగడం, వేడి ఘుగ్నీ కూరతో. వాడు ఒప్పుకోడు. ధుస్కా బర్గర్ కాదట, జాబితాలో చేరదట. వాడి నిజాయితీ నాకు నచ్చింది.

వెళ్లే ముందు రోజు సాయంత్రం మళ్లీ సాక్చీ. మా ఇద్దరికీ రెండు, మావయ్యకి ఒకటి కట్టించాం. ఆవ కొంచెం ఎక్కువ పూయమన్నాను. ఇంటికొచ్చేసరికి మావయ్య భోజనానికి కూర్చున్నాడు. కంచంలో ముద్దపప్పు, నెయ్యి. పొట్లం విప్పి నాలుగు పక్కలా తిప్పి చూశాడు. పై బన్ను తీసి పక్కన పెట్టాడు. కింద బన్ను తీసి దాని మీద పెట్టాడు. టిక్కీని నాలుగు ముక్కలు చేసి పప్పన్నంలో నంజుకున్నాడు. రెండు ముద్దలయ్యాక ఆగి, వేలికంటిన పసుపుపచ్చ ముద్ద నాకి, అత్తయ్య వైపు చూశాడు.

"ఆవ బాగా పెట్టాడే" అన్నాడు.

బన్ను పొద్దున టీలో ముంచుకుని తిన్నాడు.