పిడికెడు బియ్యం

పోయిన శనివారం అమెరికాలోని ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోరుకెళ్లి గోంగూర కట్టలు ఏరుకుంటుంటే వెనకనుంచి "వందనాలక్కా" అని వినబడింది. తిరిగి చూస్తే, మూడేళ్ల కిందట మా సంఘంలో ఉన్న అమ్మాయి. పిల్లలెలా ఉన్నారనలేదు, ఒంట్లో బాగుందా అనలేదు. "ఇప్పుడు ఏ చర్చికి వెళ్తున్నారు?" అంది. ఎక్కడికీ లేదమ్మా, ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నాం అన్నాను. నా చెయ్యి పట్టుకుని "మీకోసం ప్రార్థిస్తానక్కా" అంది, మంచాన పడ్డవాళ్లతో అన్నట్టు.

ఈ ప్రశ్న నన్ను వదలదు. పెళ్లిలో ఏ చర్చి, పుట్టినరోజు విందులో ఏ చర్చి, ఊర్నుంచి చిన్నమ్మ ఫోను చేసినా ఏ చర్చి. సమాజంగా కూడుకోవడం మానొద్దన్న హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 25వ వచనం వాట్సాప్‌లో పంపేవాళ్లున్నారు. సండే స్కూల్లో ఆ వచనం అప్పజెప్పి బహుమతి తీసుకున్నదాన్ని నేను. దానికి ముందు వచనం ప్రేమ గురించి. అదెవరూ పంపరు.

మా సంఘం ఓ అమెరికన్ చర్చి హాలు మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని కూడుకునేది. మంచివాళ్లే అందరూ. ఒక చెల్లెలి భర్తకు ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, మరొకటి దొరక్కపోతే దేశంలో ఉండటానికి మిగిలేది మహా అయితే 60 రోజులు. ఆ ఎనిమిది ఆదివారాలూ సొంత మందిరం నిధికి ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా చదివారు. వాళ్లింటికి వెళ్దామని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. చివరి వారం వెళ్లేసరికి వాళ్లు సూట్‌కేసులు తూకం వేసుకుంటున్నారు. ఆ తర్వాతి ఆదివారం నాకు కాళ్లు కదల్లేదు.

చర్చి లేకుండా విశ్వాసమేమిటి అనేవాళ్లకు మునిపల్లె కలగర సుబ్బారావు గారిని గుర్తుచేస్తుంటాను. 1942లో క్రీస్తు దర్శనం పొందానని చెప్పిన ఆ పంతులుగారు ఏ సంఘంలోనూ చేరలేదు. అయినా క్రీస్తు గురించే పాటలు కట్టారు. కానీ ఆయన చర్చికి బయటివారు, బయటే ఉండిపోయారు. నేను ఏసు గుడిలో చాపమీద నిద్రపోతూ పెరిగినదాన్ని. ఆయన దారి నాకెలా సరిపోతుంది?

మాది ఒంగోలు వైపు. అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన ముంతలో వేసేది. బియ్యం నిండుకున్న రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేది గానీ, వెయ్యడం మానేది కాదు. ఆదివారం మూటగట్టి గుడికి తీసుకెళ్లేది. స్త్రీల సమాజం వాళ్లు అందరి మూటలూ ఒక గంపలో పోసి, దిక్కులేని ముసలమ్మలకు కొలిచేవారు.

మొన్నామధ్య ఆఫీసులో ఒకాయన, మన తెలుగాయనే, "మీవాళ్లు కరువులో బియ్యం కోసం మతంలో కలిశారట కదా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించారు. ఇలాంటి మాట పడకూడదనే ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజే మునిగారు. మా తాతల తాత ఆ రోజు నీళ్లలో దిగాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఇంటి ఆడవాళ్లు ఎంత లేమిలోనూ ముంతలో పిడికెడు వేస్తూనే వచ్చారు. ఇదంతా ఆయనకు చెప్పేలోగా లిఫ్టు ఎక్కి వెళ్లిపోయాడు.

మా పక్కింటి అమెరికన్ ఆవిడా చర్చి మానేసి చాన్నాళ్లయింది. మంగళవారాలు, లేనివాళ్లకు సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీలో పని చేస్తుంది. ఏ చర్చి అని నన్ను ఒక్కసారీ అడగలేదు. ఎంత గొప్ప మర్యాద! కానీ నేను జ్వరంతో పడుకున్న వారం ఫోనులో రెండు మాటలు పంపిందే తప్ప తలుపు తట్టలేదు. మా ఊళ్లో అయితే దుప్పటి కప్పుకునేలోగా నలుగురు అక్కలు చారు తెచ్చి, నుదుటిమీద చెయ్యేసి ప్రార్థన చేసి, గిన్నెలు కూడా కడిగి వెళ్లేవారు. నేను బెంగపడేది ఆ చేతుల కోసం.

ఇప్పుడు నేనూ సోనా మసూరి సంచిలోంచి రోజూ పిడికెడు తీసి స్టీలు డబ్బాలో వేస్తున్నాను. మొదటిసారి నిండాక పాంట్రీకి పట్టుకెళ్తే, విడి బియ్యం తీసుకోం అన్నారు. సీలున్న సంచే కావాలట. కారులో కూర్చుని ఏడ్చాను. అప్పట్నుంచీ డబ్బా నిండగానే తూచి, అంత బరువున్న కొత్త సంచి కొనిచ్చి, డబ్బాలోవి మేం వండుకునేవాళ్లం. ఈ సంగతి ఫోనులో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఏ చర్చి అని నన్నెన్నడూ అడగని మనిషి. "దేవుడి బియ్యం మీరే తింటున్నారా అమ్మాయ్?" అంది.

ఆ మాట పడ్డాక డబ్బా బియ్యం మేమే వండుకు తినడం మానేశాం. నిండిన వారం ఎవరినో ఒకరిని భోజనానికి పిలుస్తాం. పోయిన వారం నిండింది, ఆ గోంగూర అందుకే. స్టోరులో ఆ అమ్మాయి ఇంకా నా చెయ్యి వదల్లేదు. "రేపు మధ్యాహ్నం మా ఇంటికి అన్నానికి రామ్మా" అన్నాను.

"రేపు చర్చి కదక్కా."

"అయితే సాయంత్రం రా. పిల్లల్ని కూడా తీసుకురా."