మనోవ్యాధి – హేత్వాభాస: తర్కశాస్త్ర దృష్టిలో ఒక చికిత్స



మా ఆలయానికి వచ్చే యువతీయువకులలో కొందరు ఇటీవల భక్తికన్న భీతితోనే అధికంగా వస్తున్నారు. "పంతులుగారూ, ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, ప్రాణం పోతుందనిపిస్తుంది. రక్షరేకు ఏదైనా కట్టండి" అని అడుగుతారు. అట్టి ఒక యువకుని విషయం, అతని అనుమతితో, పేరు చెప్పకుండా ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

తండ్రి విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీలు చేసే కార్మికుడు. కుమారుడు ఇంజనీరింగు ముగించి ఉద్యోగపరీక్షలు వ్రాస్తున్నాడు. రెండు పర్యాయములు ఎంపిక కాలేదు. క్రమంగా ఆహారం తగ్గింది, నిద్ర చెడింది, స్నేహితులతో మాట మానివేశాడు. అటుపైన ఆ గుండెదడ ఆరంభమైంది. రెండుసార్లు అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకొనిపోయారు. ఈసీజీ తదితర పరీక్షలన్నీ చేసి హృదయంలో దోషమేమీ లేదన్నారు. "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. గ్రహశాంతి చేయిద్దామా?" అని తండ్రి నన్ను అడిగారు. "చేద్దాం. అయితే ముందు మానసిక వైద్యునికి చూపించి రండి" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. మన వాల్తేరులో 1871 నాటికే మనోరోగులకు ఆసుపత్రి వెలసినా, దాని పేరెత్తడానికి మన ఊరు నేటికీ సంకోచిస్తూనే ఉన్నది.

వారు వెళ్ళారు. వైద్యుడు ఔషధం వ్రాసి, దానితోపాటు వారానికొకసారి మనస్తత్త్వ నిపుణురాలివద్ద కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే చికిత్స ఏర్పాటు చేశారు. 1960వ దశకంలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మనోవైద్యుడు రూపొందించిన పద్ధతి ఇది. విషాదగ్రస్తుని మనస్సులో అప్రయత్నంగా ఉదయించే తలంపులను పట్టుకొని, వాటిని సత్యమని స్వీకరించడానికి పూర్వమే పరీక్షించడం దీని మూలసూత్రం.

కొన్ని వారాల పిదప ఆ యువకుడు తన నోటుపుస్తకం నాకు చూపించాడు. ప్రతి పుటలోనూ గడులు గీసి ఉన్నాయి. సందర్భమేమి? కలిగిన తలంపు ఏమి? దానికి అనుకూలమైన ఆధారాలేవి? ప్రతికూలమైనవేవి? అన్నీ చూచిన తరువాత నిలిచే నిర్ణయమేమి? బాల్యంలో గురుముఖతః తర్కసంగ్రహం చదువుకొన్న నాకు అది పరిచితమైన మార్గమే అనిపించింది.

"నా గుండె వేగంగా కొట్టుకొంటున్నది, కనుక నేను మరణిస్తున్నాను" అని అతడు మొదటి పుటలో వ్రాశాడు. ఇది అనుమానమే, కాని దుష్టమైన అనుమానం. పొగను చూచి నిప్పును ఊహించవచ్చు. నిప్పును చూచి పొగ ఉండితీరుతుందనడం దోషం. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ పుట్టడానికి నిప్పుకు తడికట్టె తోడుకావాలి. ఆ తడికట్టెనే నైయాయికులు ఉపాధి అన్నారు. ఉక్కునగరపు బిడ్డకు ఈ దృష్టాంతం బోధించడం ఎంత సులభం! వాళ్ళ నాన్నగారు నిత్యం చూచే దృశ్యమే అది. గుండెదడ నిప్పు వంటిది. ప్రాణాపాయమనే పొగ రావాలంటే హృద్రోగమనే తడికట్టె ఉండాలి. అది లేదని ఈసీజీ చెప్పనే చెప్పింది.

ఆకస్మిక భయావేశానికి మూలం ఇదేనని 1986లో ఆంగ్లదేశపు మనస్తత్త్వవేత్త డేవిడ్ క్లార్క్ ప్రతిపాదించాడు. దేహంలో కలిగే సహజమైన మార్పును మహావిపత్తుగా పొరబడతాము. ఆ పొరబాటుచేత భయం పెరుగుతుంది, భయంచేత దడ పెరుగుతుంది, దడచేత పొరబాటు మరింత దృఢమవుతుంది. ఇది ఒక చక్రం.

కేవలం వాదంతో ఆ చక్రం తెగదు, ప్రత్యక్షప్రమాణం కావాలి. అందుచేత ఆ నిపుణురాలు తన సమక్షంలోనే అతనిచేత నిలుచున్నచోట పరుగెత్తించి, గుండెదడను బుద్ధిపూర్వకంగా రప్పించింది. దడ వచ్చింది, కొంతసేపటికి పోయింది, మరణం రాలేదు. ఆపైన ఒక ఆదివారం అతడు సింహాచలం తొలిపావంచా నుండి మెట్లెక్కాడు. నడుమ రెండుచోట్ల కూర్చున్నాడట, వెనుదిరగలేదట.

"నేను దేనికీ పనికిరాను" అనే తలంపుకు చికిత్స వేరు. అక్కడ రెండు ఉదాహరణలతో సార్వత్రికమైన వ్యాప్తిని కల్పించుకోవడం దోషం. దానికి తోడు దినచర్య కూడా విధించారు. ఉదయం లేచే వేళ, స్నానం, కొంత నడక, ఒక మిత్రునితో సంభాషణ. ఇష్టం కలిగిన తరువాత చేయడం కాదు, చేస్తూ ఉంటే ఇష్టం కలుగుతుందని వారి అభిప్రాయం. నిత్యకర్మానుష్ఠానం ఎరిగినవారికి ఇది వింత కాదు.

"ధైర్యంగా ఉండు" అని మందలించే పెద్దలు భగవద్గీతను మరొకసారి చూడాలి. ప్రథమాధ్యాయంలో అర్జునునికి అవయవాలు పట్టుతప్పాయి, నోరు ఎండింది, దేహం కంపించింది, గాండీవం జారింది. ద్వితీయాధ్యాయారంభంలో శ్రీకృష్ణుడు ముందుగా మందలించాడు. అర్జునుని శోకం తీరలేదు. శిష్యుడనై శరణుజొచ్చానని అతడు ప్రార్థించిన తరువాత కూడా యుద్ధం చేయనని మౌనం వహించాడు. ఉపదేశం అక్కడ ఆరంభమైంది. అటుపైన ఎన్ని ప్రశ్నలు వేసినా భగవానుడు విసుగుకోలేదు.

అయితే ఈ చికిత్సయే వేదాంతమని నేను అనను. ఈ తలంపు సత్యమా అని చికిత్స విచారిస్తుంది. తలంపులను చూచే సాక్షి ఎవరని వేదాంతం విచారిస్తుంది. అన్నం సహించక, నిద్ర పట్టక తల్లడిల్లే బిడ్డకు రెండవ ప్రశ్న వేయడం అకాలం. మొదట అతడు కోలుకోవాలి.

ఆ యువకుడు పూర్తిగా స్వస్థుడయ్యాడని కూడా చెప్పలేను. దడ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తున్నది, కాని ఆసుపత్రికి పరుగెత్తడం లేదు. ఔషధం సొంతంగా మానలేదు. కుటుంబం కోరిన శాంతి కూడా శాస్త్రోక్తంగా జరిపించాను. అది తల్లిదండ్రులకు ఊరట కలిగించింది.

అర్చక సోదరులకు ఒక విజ్ఞప్తి. భయంతో వచ్చినవారికి తీర్థమిచ్చి పంపివేయకండి. ముందు శరీరపరీక్ష జరిగిందో లేదో అడగండి. చనిపోవాలన్న తలంపు కలుగుతున్నదా అని కూడా మృదువుగా, సూటిగా అడగండి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు, దాచుకొన్నది బయటపడుతుంది. అవునంటే వారిని ఒంటరిగా విడువకుండా వెంటనే కుటుంబానికీ వైద్యునికీ అప్పగించండి. కేంద్రప్రభుత్వం 2022లో ఆరంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మా ఆలయంలో పూజల వేళల పట్టిక క్రిందనే ఆ సంఖ్యను వ్రాయించాను.