పుట్టుకతో దొంగలెవరు? రెండు పుస్తకాలు, ఒక పాత సినిమా

సినిమా పుస్తకాల మీద ఇంత పెద్ద పోస్టా అనుకోవద్దు, ఓపికగా చదవండి.

తిరుపతిలో చదువుకుంటున్న ఎరుకల పిల్లలం మేం, ఐదుగురం. పోయిన సంవత్సరం రూమ్ కోసం తిరుగుతుంటే ఒక ఇంటాయన కులం అడిగినాడు. చెప్పగానే నవ్వుతా "స్టువర్టుపురం బ్యాచ్చా?" అన్నాడు. మాలో ఒక్కరం కూడా ఆ ఊరు చూసినోళ్లం కాదు. ఆయనా చూసుండడు. సినిమాల్లో చూసుంటాడు, అంతే.

ఆ కోపంలోనే నేరాల సినిమాల గురించి వెతికినాం. అట్లా దొరికింది 'డబుల్ ఇండెమ్నిటీ', 1944లో హాలీవుడ్‌లో బిల్లీ వైల్డర్ తీసింది. ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు పాలసీ డబ్బు కోసం ఒకామెతో కలిసి ఆమె మొగుణ్ణే చంపుతాడు. కోటు వేసుకునేవాడు, ఉద్యోగం ఉన్నోడు. వాడి పుట్టుకే దీనికి కారణమని సినిమాలో ఎవరూ అనరు. ఆశ, వాడు వేసుకున్న లెక్క, అంతే. వైల్డర్ యూదుడు, హిట్లర్ రాగానే బెర్లిన్ వదిలిపోయినోడు. పుట్టుకను బట్టి ముద్ర వేస్తే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇట్లాంటి చీకటి సినిమాలను 'ఫిల్మ్ నువార్' అంటారు. వీటి మీద జేమ్స్ నేర్‌మోర్ రాసిన 'మోర్ దాన్ నైట్' (1998) చదవండి. ఇంగ్లీషు గట్టిది, మేం ఇద్దరిద్దరం కూర్చుని డిక్షనరీతో లాగినాం. ఆ సినిమాలు తీసినోళ్లు ఆ పేరు పెట్టుకోలేదు, ఫ్రెంచి విమర్శకులు 1946లో బయటి నుంచి పెట్టినారు. ఆ మాట దగ్గర మేం కాసేపు ఆగిపోయినాం. మనకు పేరు పెట్టిందీ బయటోళ్లే కదా!

అందుకే రెండోది సినిమా పుస్తకం కాకపోయినా చెబుతున్నాం: మీనా రాధాకృష్ణ 'డిస్‌హానర్డ్ బై హిస్టరీ' (2001). మద్రాసు ప్రెసిడెన్సీలో కొరవలు, ఎరుకలోళ్లు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్మేవాళ్లు. రైళ్లు వచ్చినాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, వ్యాపారం పోయింది. ఆ తర్వాత తిరిగేవాళ్లంటే దొంగలే అని రాసేసినారు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ 1911లో మన దాకా వచ్చింది. స్టువర్టుపురం అట్లా పెట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. చట్టం 1952లో పోయింది. సినిమా మాత్రం వదల్లేదు.

ఉప్పు భాగం చదివి మాలో ఒకడు వాళ్ల అవ్వకు ఫోన్‌లో చెప్పినాడు. "మా తాత గాడిదలకు పేర్లు కూడా పెట్టుకున్నాడు రా" అనింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గుపడి ఉంటుంది.

రెండు పుస్తకాలూ మా రూమ్‌లోనే ఉన్నాయి. కావాల్సినోళ్లు వచ్చి తీసుకుపోండి, నెల లోపల తెచ్చివ్వండి.