గిరణ్‌గావ్ పూటకూళ్ళమ్మల లెక్కలు

ఏప్రిల్ చివరినుంచి మే నెలాఖరు వరకు ముంబయిలోని లాల్‌బాగ్‌కు వచ్చే ప్రయాణికుడు మసాలా వీధి ఎక్కడని ఎవరినీ అడగనక్కరలేదు. మిరపకాయల ఘాటే ముక్కు పట్టుకుని తీసుకుపోతుంది. దుకాణాల ముందు మూతులు విప్పిన గోతాల్లో ఎండుమిర్చి రాసులుగా ఉంటుంది. ముడతలు పడి, నలుపుకు దగ్గరైన ముదురెరుపులో కనిపించేది కర్ణాటక బ్యాడిగి. దాని పక్కన సంకేశ్వరి. ఆ పక్కన నున్నగా మెరుస్తున్నదాన్ని తెలుగువారు ఇట్టే గుర్తుపడతారు. అది గుంటూరు మిర్చి. రంగుకు బ్యాడిగి, కారానికి గుంటూరు అన్నది అక్కడి గృహిణులందరికీ కంఠస్థమైన సూత్రం. ఏది ఎన్ని పాళ్ళు కలపాలన్నది మాత్రం ఇంటింటి రహస్యం.

ఈ వీధిలో ఈ రోజుల్లో పావుకిలో బేరాలు అరుదు. ఇంటికి ఏడాది పొడుగునా సరిపడే కారాన్ని ఒక్కసారే కొంటారు. మిర్చిని ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి, ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, జాపత్రి, రాతిపువ్వు దేనికది విడిగా వేయిస్తారు. అంత ఓపిక లేనివారికి అక్కడే పెద్ద మూకుళ్ళలో వేయించి ఇచ్చేవారున్నారు. ఆ తరువాత డంకు. రోకళ్ళలా లేచిపడే ఇనుపకడ్డీల ఆ యంత్రం ముందు స్త్రీలు వరసగా నిలబడి, తమ మిరపకాయలు పొరుగువారి కారంలో కలిసిపోకుండా రెప్ప వేయక కాపలా కాస్తారు. ఆ ఘాటులో రెప్ప వేయకుండా ఉండడం సామాన్యమైన పని కాదు! ఇంటికి చేరిన కారాన్ని జాడీలో గట్టిగా అదిమి, పైన ఇంగువ ముక్క ఉంచి, గుడ్డతో మూతి బిగిస్తారు. పురుగు దరిచేరదు; వచ్చే వేసవి వరకు వాసన చెడదు.

ఈ తొందరకు కారణం ఆకాశంలో ఉంది. జూన్ రెండోవారంలో ముంబయిని తాకే ఋతుపవనం నాలుగు నెలలపాటు ఎండ పొడ చూడనివ్వదు. లాల్‌బాగ్, పరేల్ ప్రాంతాల కుటుంబాల్లో చాలా వాటి మూలాలు కొంకణ తీరంలో ఉన్నాయి. వానాకాలం వస్తే అక్కడ చేపల పడవలు ఒడ్డెక్కేవి. ముంబయినుంచి తీరం వెంట నడిచే స్టీమర్లు సైతం ఆగిపోయేవి. అందుచేత బియ్యం, ఉప్పు, ఉల్లి, ఎండుచేపలు, అప్పడాలు ముందే ఇంటికి చేర్చుకోవడం వారికి తరతరాల అలవాటు. ఆ సంభారాన్ని ‘ఆగోట’ అంటారు. ఊరు విడిచి నగరానికి వచ్చినా ఆగోట వారిని విడువలేదు.

అయితే పల్లెటూరి పెంకుటింటికీ నగరపు చాల్ గదికీ ఎంతో వ్యత్యాసం ఉంది. ముంబయిలో మొదటి నూలుమిల్లు 1854లో కావస్జీ దావర్ చొరవతో తార్‌దేవ్ వద్ద ఏర్పడి, 1856లో ఉత్పత్తి ప్రారంభించింది. క్రమంగా పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాలన్నీ పొగగొట్టాలతో నిండి, వాటికి మిల్లుల ఊరు అనే అర్థంలో ‘గిరణ్‌గావ్’ అన్న పేరు స్థిరపడింది. రత్నగిరి, సతారా, కొల్హాపూర్‌లనుంచి మగవారు వచ్చారు. తెలంగాణ జిల్లాలనుంచి వచ్చిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. కార్మికుల్లో అనేకులు భార్యాబిడ్డలను ఊళ్ళో వదిలివచ్చినవారే. పదడుగుల గదిని పదిమంది పంచుకునేవారు. పగటి షిఫ్టువాడు లేచిన చాపమీద రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు. వీరికి అన్నం పెట్టినవి ‘ఖాణావళ్’లు. తెలుగులో చెప్పాలంటే పూటకూళ్ళ ఇళ్ళు.

ఖాణావళ్ అంటే బల్లలూ కుర్చీలూ ఉన్న హోటలు కాదు. ఒక స్త్రీ తాను కాపురముండే గదిలోనే తన కుటుంబంతోపాటు పదిమందికో ఇరవైమందికో వండిపెట్టేది. వితంతువులు, మిల్లుపని పోయిన భర్త ఉన్నవారు, తాగుబోతు భర్తతో వేగలేనివారు ఈ వృత్తిలో ఎందరో ఉండేవారు. భోజనం నెలవారీ లెక్క. డబ్బు జీతాలు అందిన తరువాతనే. నెల పొడుగునా పెట్టుబడి ఆమెది, ఆకలి వారిది.

ఆమె పొదుపంతా చపాతీ బరువులో ఇమిడి ఉంది. ఇరవైమంది, పూటకు నాలుగేసి చపాతీలు, రెండు పూటలు: రోజుకు 160. చపాతీకి 30 గ్రాముల పిండి చొప్పున దినానికి 4 కిలోల 800 గ్రాములు, నెలకు 144 కిలోలు. ముద్ద చేసేటప్పుడు చేయి కొంచెం జారి ఒక్కొక్కటి 35 గ్రాములైతే నెలకు 168 కిలోలు పడుతుంది. కంటికి ఆనని ఆ అయిదు గ్రాములు నెల తిరిగేసరికి 24 కిలోల పిండి! అందుకే నేర్పరి అయిన ఇల్లాలు కర్ర పట్టకముందే పిండినంతా ముద్దలుగా విడగొట్టి లెక్కపెట్టుకునేది. అలాగని బక్కచపాతీ పెడితే మగ్గం దగ్గర ఎనిమిది గంటలు నిలబడేవాడు మరో గడప చూసుకుంటాడు. ఈ రెంటి నడుమ ఆమె త్రాసు నిలవాలి.

కూరలోనూ ఇదే లెక్క. మట్కీ అనే చిన్న గోధుమరంగు గింజలను రాత్రి నానబెట్టి, మరునాడు గుడ్డలో మూటకట్టి మొలకెత్తిస్తే గిన్నెడు గింజలు రెండు మూడు గిన్నెలవుతాయి. దానితో ‘ఉసళ్’ చేస్తే కూరగాయలు మండిపోయే వానాకాలంలో కూడా పళ్ళెం వెలితిగా కనిపించదు. పప్పుకు ఒకటే గరిటె. అది మారితే లెక్క తప్పుతుంది. మిగిలిన చపాతీలను తుంచి ఉల్లి, ఆవాలతో తాలింపు వేస్తే మరునాటి ఉదయపు ఫలహారం. మాంసం ఆదివారానికే.

ఇక సరుకుల కొనుగోలు. గోధుమలు బస్తాగా కొని, చెరిగి, ఆముదం పట్టించి, వేపాకు వేసి డబ్బాల్లో నింపితే నెలలకొద్దీ నిలుస్తాయి. కందిపప్పుకూ ఆముదమే రక్ష. నూనె, కొబ్బరి, వేరుశనగ మాత్రం మక్కిపోతాయి కనుక మితంగా తీసుకోవడమే మేలు. ఈ సంగతులు ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. టోకుగా కొంటే చవక అని పత్రికల్లో హితవు చెప్పేవారు ఆ బస్తాను పదడుగుల గదిలో ఎక్కడ దించాలో చెప్పరు. ఆమె దాన్ని అటకమీదికి ఎక్కించింది, మంచం కిందికి తోసింది, కొన్నిచోట్ల దానికే దుప్పటి కప్పి అతిథికి ఆసనంగా వేసింది.

కాని బస్తా కొనేందుకు ముందు చేతిలో బస్తా ఖరీదు ఉండాలి. నెల మొదట ఆ డబ్బు ఆమె వద్ద ఉండేది కాదు. కిరాణా దుకాణంలో అరువు రాయించుకుని ఏ పూటకాపూట తెచ్చుకునేది. అరువు బేరంలో ధరా, నాణ్యమూ దుకాణదారు దయ. అది చాలనప్పుడు వడ్డీవ్యాపారి. ధనికుడు ఏడాది సరుకు చవకగా కొంటుంటే పేదరాలు అదే సరుకును గుప్పెడు గుప్పెడుగా ఎక్కువ ధరకు కొన్నది. చపాతీలో అయిదేసి గ్రాములు కూడబెట్టిన నేర్పు వడ్డీకింద హరించుకుపోయేది. ఆమెకు లోపించింది గృహనిర్వహణ జ్ఞానం కాదు, సమయానికి అందే నాలుగు రూపాయలు.

ఈ సత్యాన్ని గ్రహించినవారు ప్రేమా పురవ్. గోవా విమోచనోద్యమంలో పాల్గొని, అనంతరం ముంబయి కార్మికోద్యమంలో పనిచేసిన ఆమె 1975లో అన్నపూర్ణా మహిళామండలిని స్థాపించారు. ప్రభుత్వం 1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిన తరువాత చిన్న వృత్తులవారికి అప్పులివ్వాలన్న విధానం ఉండనే ఉంది. అయితే తాకట్టుకు పుస్తెలు తప్ప ఏమీలేని, సంతకం చేయడం రాని స్త్రీ బ్యాంకు మెట్లు ఎక్కేదెట్లా? పూటకూళ్ళమ్మలు చిన్న బృందాలుగా చేరి, ఒకరికొకరు పూచీ నిలిచారు. బ్యాంకు అప్పు చేతికి రాగానే వారిలో చాలామంది మొదట చేసిన పని వడ్డీవ్యాపారిని వదిలించుకోవడం. బస్తా ఆ తరువాత వచ్చింది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైంది. సుమారు 2.5 లక్షలమంది పని మానారు. ఏడాది దాటినా సమ్మె తెగలేదు; దాన్ని విరమించినట్లు ఎవరూ లాంఛనంగా ప్రకటించనూలేదు. జీతం లేనివాడు భోజనపు డబ్బు ఎక్కడ తెస్తాడు? ఎందరో పూటకూళ్ళమ్మలు అరువు మీద వడ్డించారు. తిన్నవారిలో వేలమంది ఊళ్ళకు వెళ్ళిపోయి మరి తిరిగి రాలేదు. ఏ లెక్కకూ లొంగని నష్టం అది.

ఈనాడు గిరణ్‌గావ్‌లో మిల్లుల కూత వినిపించదు. ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట మిరుమిట్లు గొలిపే విపణి వెలసింది. మరికొన్ని మిల్లుల స్థలాల్లో ఆకాశహర్మ్యాలు లేచాయి. ఖాణావళ్‌లు చాలావరకు అంతరించాయి. లాల్‌బాగ్ మసాలా వీధి మాత్రం నిలిచే ఉంది. మే నెల మధ్యాహ్నం డంకు ముందు స్టీలు డబ్బాలు ఒడిలో పెట్టుకుని స్త్రీలు తమ వంతుకోసం కూర్చుంటారు. ఒకామె గుప్పెడు మిర్చి తీసి చెవి దగ్గర ఆడిస్తుంది. గలగల చాలలేదు. డబ్బా మూసి, మరొక్క ఎండ చూపించి తెస్తానని చెప్పి లేస్తుంది. వెనకనున్నామె వెంటనే ముందుకు జరుగుతుంది.