చిన్నమాటల పెత్తనం

ఏం వదినగారూ, పొద్దుటినుంచీ మీ వంటింట్లోంచి ఒకటే ‘హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్’ వినిపిస్తోంది! డాలస్ టికెట్లు వచ్చేశాయా? ఫిబ్రవరి ఆఖర్నా? మంచిదే. మీ అమ్మాయి పురుడు మార్చిలో కదా, అప్పటికి అక్కడ చలీ వెనకపడుతుంది. అన్నయ్యగారు కూడా వస్తున్నారా, మీరొక్కరేనా? ఒక్కరే! అదీ సంగతి. అందుకా ఈ కంగారు.

చేతిలో ఏమిటది? ఇలా గోడమీద పెట్టండి, చూస్తాను. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషా! బావుంది. ఎక్కడిదాకా వచ్చారు? కూరగాయల పేర్లా? అయ్యో రాత! బీరకాయని ఇంగ్లీషులో ఏమంటారో తెలిసి మీరు డాలస్‌లో ఏం చేస్తారు? అక్కడి ఇండియన్ స్టోర్లో బీరకాయ బీరకాయలాగే కనిపిస్తుంది, తీసి బుట్టలో వేసుకోడమే.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, నా మాట వినండి. అసలు మీకు ఇంగ్లీషు మాటలు రాకపోవడమేమిటి? నిన్న సాయంత్రం మీరు అన్నయ్యగారితో అంటున్నది నా చెవినపడింది. ‘గ్యాస్ బుక్ చేశారా? కరెంటు బిల్లు లాస్ట్ డేట్ రేపే. ఫ్రిజ్ సౌండొస్తోంది, మెకానిక్‌కి ఫోన్ చేయండి, వారంటీ కార్డు బీరువాలో ఉంది’ అన్నారా లేదా? ఇందులో తెలుగు ముక్కలు ఏరండి చూద్దాం. చేశారా, రేపే, వస్తోంది, చేయండి, ఉంది. ఇంచుమించు అంతే! సరుకంతా ఇంగ్లీషు, మూటకి కట్టిన తాడొక్కటే తెలుగు. మీరు నేర్చుకోవలసింది ఆ తాడు సంగతి.

వస్తువుల పేర్లకేమండీ, అవి ఎటైనా పోతాయి. మొన్న మీ పెరట్లో అరటి పిలకలు తవ్విపోసిన పందికొక్కు లేదూ, అది మన దగ్గర్నుంచి ఎప్పుడో ఇంగ్లీషులోకి వెళ్ళి ‘బాండికూట్’ అయి కూర్చుంది. నిజమండీ, నిఘంటువుల్లోనే ఉంది దాని పుట్టిల్లు తెలుగని. పైగా ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. పేర్లు అలా దేశాలు తిరుగుతాయి. కదలనివల్లా చిన్నమాటలే.

ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే మాటేమిటో చెప్పండి? ఊహూఁ, ‘మనీ’ కాదు. ‘ద’! ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు కోట్లకొద్దీ మాటలు పోగేసి లెక్క తీస్తే మొదటి పదీ ఇవి: ద, బి, టు, ఆఫ్, అండ్, ఎ, ఇన్, దట్, హావ్, ఐ. ఒక్క వస్తువు పేరుందా వీటిలో? నామవాచకాల్లో మొదటిది ‘టైమ్’ అట. ‘టైమెంతయిందే’ అని రోజుకి పదిసార్లు అడిగే మనకి దాన్ని కొత్తగా నేర్పేదేముంది? మైకేల్ వెస్ట్ అని ఒకాయన, ఒకప్పుడు ఢాకాలో పనిచేసినాయనే, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకి ముందుగా ఏ మాటలు కావాలో 1953లో జాబితా వేసి పెట్టాడు. సుమారు 2,000. మామూలు రాతల్లో అయిదింట నాలుగు వంతులు వాటితోనే గడిచిపోతుంది. అంచేత ఆ కూరగాయల పేజీ మూసేయండి.

మరి ఈ ‘ద’ మన నోటికి ఎందుకు అంటుకోదంటారా? మనకి దాని అవసరమే రాలేదు కనక. ‘కుర్రాడొచ్చాడు’ అంటాం. ఏ కుర్రాడో సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. వాళ్ళకలా కుదరదు. నోరు తెరవకముందే తేల్చుకోవాలి, వినేవాళ్ళకి ఆ కుర్రాడెవరో తెలుసా, తెలీదా అని. తెలిస్తే ‘ద బాయ్’, తెలీకపోతే ‘ఎ బాయ్’. ‘ఇంగ్లీష్ వింగ్లీష్’ అని 2012లో శ్రీదేవి సినిమా వచ్చింది, గుర్తుందా? అందులో ఆవిడ క్లాసులో ఇదే అడుగుతుంది, యునైటెడ్ స్టేట్స్‌కి ముందు ‘ద’ ఉంది, ఇండియాకి ఎందుకు లేదని. న్యాయమైన ప్రశ్నే. ఉత్త ‘అమెరికా’ అంటే ‘ద’ అక్కర్లేదు. ‘స్టేట్స్’ అనే మామూలు మాట ఆ పేరులో ఉంది కనక, ఫలానా స్టేట్స్ అని గుర్తుపట్టించడానికి ‘ద’ కావాలి. నదులకి ఉంటుంది, ద గోదావరి, ద కృష్ణా. ఊళ్ళకి ఉండదు. కాకినాడకి ‘ద’ తగిలించకండి.

ఇంకో చమత్కారం చూడండి. మీ మనవడు చదువుకోడానికి బడికెళితే ‘గోస్ టు స్కూల్’, ‘ద’ లేదు. మీ అమ్మాయి ఫీజు కట్టడానికి అదే బడికెళితే ‘గోస్ టు ద స్కూల్’. బడికి వెళ్ళడం పిల్లాడికి రోజూ చేసే పని, తల్లికి ఫలానా భవనానికి వెళ్ళిరావడం. తేడా అదీ. ఆస్పత్రి దగ్గర మళ్ళీ తిరకాసు. రోగి ఆస్పత్రిలో ఉంటే లండన్‌వాళ్ళు ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికావాళ్ళు ‘ఇన్ ద హాస్పిటల్’ అంటారు. మీరు వెళ్ళేది అమెరికాకి, అదీ పురిటికి. కనక ‘షి ఈజ్ ఇన్ ద హాస్పిటల్’ అనేయండి, పేచీ ఉండదు.

ఏమిటీ, అన్నయ్యగారి బీరువాలో రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం ఉందా? ఉండనివ్వండి, బంగారంలాంటి పుస్తకం. కానీ ఫిబ్రవరిలోగా అయ్యే పని కాదు. ఆ రెన్‌గారు మన దేశంలో విద్యాశాఖలో పనిచేసినాయనే. అయితే లోకానికి ఆయన ఎక్కువ తెలిసింది 1924లో రాసిన ‘బో జెస్ట్’ అనే సాహస నవలతో. మనచేత యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ వాయిస్‌లోకి మార్పించిన మనిషే ఎడారిలో సైనికుల కథ రాసి పేరు తెచ్చుకున్నాడు!

వ్యాకరణంలో మీకు అర్జెంటుగా కావలసింది ‘డిడ్’. మనం క్రియ చివర ఒక దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది. వచ్చావు, వచ్చావా? వాళ్ళు ముందు ‘డిడ్’ని పిలవాలి. అది వచ్చిందంటే భూతకాలం భారమంతా దానిదే, ఇంక ‘కేమ్’తో పనిలేదు, ‘కమ్’ చాలు. మన పిల్లలు ‘డిడ్ యూ కేమ్’ అనేది తెలివితక్కువై కాదు. వచ్చావా అన్నప్పుడు క్రియలో భూతకాలం అలాగే ఉంటుంది కదా, ఆ అలవాటు. ఇంకోటి, మనకి ఆకలీ జ్వరమూ కోపమూ వాటంతటవే వస్తాయి. నాకు ఆకలేస్తోంది, నాకు కోపమొచ్చింది, నాకు తెలుసు, నాకు కావాలి. వాళ్ళకి అన్నిటికీ ‘ఐ’ ముందుండాలి. ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ వాంట్. ఎవరూ లేనిచోట కూడా ఎవరో ఒకరు ఉండాలి. వాన పడుతోంది అనడానికి ‘ఇట్ ఈజ్ రైనింగ్’ అంటారు. ఆ ‘ఇట్’ ఎవరని అడక్కండి, ఎవరూ కాదు. ఖాళీ కుర్చీ ఉండకూడదని కూచోబెట్టారంతే.

ఉండండి, పాలు పొంగుతున్నాయేమో చూసొస్తాను... ఆఁ, చెప్పండి. విమానంలో మంచినీళ్ళు ఎలా అడగాలా? అదీ అసలు ప్రశ్న! ‘గివ్ మీ వాటర్’ అనకండి. మీ మనసులో ‘నీళ్ళివ్వండమ్మా’ అనే ఉంటుంది, ఆ అమ్మాయికి మాత్రం ‘నీళ్ళియ్యవే’ అన్నట్టు తగుల్తుంది. మన మర్యాదంతా క్రియ తోకలో ఉందండీ. ఇయ్యరా, ఇవ్వమ్మా, ఇవ్వండి. ‘అండి’ తగిలిస్తే కలెక్టరుగారితోనైనా మాట్లాడొచ్చు. ఇంగ్లీషులో ‘గివ్’ ఒక్కటే, చంటాడికీ కలెక్టరుకీ. అందుకని వాళ్ళు మర్యాదని ప్రశ్నలో పెట్టుకున్నారు. ‘కెన్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?’ మరికాస్త వినయం కావాలంటే ‘కుడ్ ఐ’. అక్కడ ‘కుడ్’ అంటే జరిగిపోయిన కాలం కాదు, కాస్త మొహమాటంగా అడగడం.

పక్కసీటాయన వచ్చి ‘వుడ్ యూ మైండ్ స్వాపింగ్ సీట్స్?’ అంటే మాత్రం జాగ్రత్త. సీటు మార్చుకుంటే మీకేమైనా అభ్యంతరమా అని అడుగుతున్నాడు. మీకు ఇష్టమైతే ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. ‘యెస్’ అన్నారో, అభ్యంతరమే అన్నట్టు. మొహమాటపడి ఒప్పుకున్న మిమ్మల్ని పెడసరం మనిషని అనుకుంటాడు. ఇక కొట్లో కౌంటర్ దగ్గర పిల్ల ‘హౌ ఆర్ యూ?’ అంటుంది. అది ‘వంటయిందా?’ లాంటి పలకరింపు, వైద్య పరీక్ష కాదు. మోకాళ్ళ నొప్పుల సంగతి మొదలుపెట్టకండి. ‘గుడ్, హౌ ఆర్ యూ?’ అనేసి సామాన్లు తీసుకుని కదలండి, వెనకాల లైనుంటుంది.

ఆవకాయ తీసుకెళుతున్నారుగా? తీసుకెళ్ళక! అయితే ఇది బాగా వినండి. విమానం దిగాక కస్టమ్స్‌వాళ్ళు పెట్టెలో తినేవేమైనా ఉన్నాయా అని అడుగుతారు. దాచకండి. తిండి సామాను ఏదున్నా ముందే చెప్పాలని అక్కడి నియమం, చెప్పకపోతే జరిమానా వేయొచ్చు. ‘యెస్, మ్యాంగో పికిల్’ అనండి. తరవాత ఆయన ‘యూ డోంట్ హావ్ ఎనీ మీట్?’ అన్నాడనుకోండి, మాంసం ఏమీ లేదు కదా అని. మీరేమంటారు? చూశారా, ‘యెస్ యెస్’ అనేశారు! మన లెక్కలో అది సబబే. ‘లేదు కదా?’ అంటే ‘అవునండీ, లేదు’ అంటాం. మనం ఎదుటివాళ్ళు అన్న మాటకి అవుననో కాదనో చెబుతాం. ఇంగ్లీషులో ఎదుటివాడి మాటతో నిమిత్తం లేదు, వస్తువు ఉందా లేదా అన్నదే లెక్క. ఉంటే యెస్, లేకపోతే నో, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే. మీరు యెస్ అన్నారో, పెట్టెలో మాంసం ఉందని ఆయన రాసుకుంటాడు. సున్నుండల దగ్గర్నుంచి కారప్పొడి దాకా అన్నీ బల్లమీదికొస్తాయి, బయట అల్లుడుగారు గడియారం చూసుకుంటూ నిలబడతారు.

ఇప్పుడే కట్టుదిట్టం చేసుకుందాం. ‘యూ డోంట్ హావ్ ఎనీ ఫ్రూట్?’ లేవు కదా, ఏమనాలి? ‘నో.’ భేష్! ఒక్క ‘నో’ అనుమానంగా ఉంటే ‘నో, ఐ డోంట్’ అనండి, ఇంక సందేహమే ఉండదు. ‘హౌ లాంగ్ విల్ యూ స్టే?’ అంటే మాత్రం ఎన్నాళ్ళుంటారో అంతవరకే, ‘ఫైవ్ మంత్స్’ అంటే చాలు. పూర్తి వాక్యం కట్టి పరీక్ష పేపర్లా అప్పజెప్పక్కర్లేదు, వాళ్ళూ అలా మాట్లాడుకోరు. మన ‘కదా’ కోసం ‘ఈజింట్ ఇట్’, ‘డజంట్ హి’ అని వెతుక్కోకండి. అమెరికాలో చివర ‘రైట్?’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

వస్తుందంటారా అని నన్నడుగుతారేం? బ్రౌన్‌దొర సంగతి తలుచుకోండి. 1817లో మద్రాసులో దిగేనాటికి ఆయనకి తెలుగు ముక్క రాదు. తరవాత కడపలో తన బంగళాలో పండితుల్ని పెట్టుకుని, వాళ్ళతో మాట్లాడుతూ, రాయిస్తూ, 1840కి తెలుగు వ్యాకరణమే అచ్చువేశాడు. 1850లలో నిఘంటువులు తెచ్చాడు. మీ ముప్ఫై రోజుల పుస్తకం చూస్తే నవ్వి ఊరుకునేవాడు. మీకు నిఘంటువు రాసే పని లేదుగా, మనవడినెత్తుకుని నర్సుతో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు. దానికి పుస్తకం కన్నా మనిషి కావాలి. పుస్తకమే కావాలంటే మా పైవాటా పిల్లాడి సర్కారు బడి సైన్సు పుస్తకం తెస్తాను. ఇప్పుడు వాళ్ళకి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే ఇంగ్లీషు వేస్తున్నారు. ముందు తెలుగు చదవండి, తరవాత ఇంగ్లీషు పేజీలో ఒక్క ‘ద’ల కింద, ‘ఎ’ల కింద పెన్సిలుతో గీతలు గీయండి. ఎక్కడ పెట్టాడు, ఎక్కడ వదిలేశాడు అని చూస్తూ పోతే సూత్రం దానంతటదే దొరుకుతుంది.

అన్నట్టు కరివేపాకు కావాలని కదూ ఇందాక గోడ దగ్గరికొచ్చారు? ఊరికే ఇవ్వను, ఇంగ్లీషులో అడగండి. సిగ్గెందుకు, నేనే కదా! ఆఁ... ‘కుడ్ ఐ హావ్ సమ్ కరివేపాకు, ప్లీజ్?’ శభాష్ వదినగారూ! పేరు తెలుగైతేనేం, ‘కుడ్’ ఉంది, ‘సమ్’ ఉంది, ‘ప్లీజ్’ ఉంది. ఆ వాక్యంలో కరివేపాకు తీసి దాదాపు ఏది పెట్టినా నడుస్తుంది. నీళ్ళు పెట్టండి, ఆస్పత్రిలో పిల్లాడికి డైపర్లు పెట్టండి. దుప్పటిలా ఒక్కటే కావాలంటే మాత్రం ‘సమ్’ తీసి ‘ఎ’ పెట్టండి. రెండు రెమ్మలేం, నాలుగు కోసుకోండి. సాయంత్రం నేనే కస్టమ్స్ ఆఫీసర్నై వస్తాను, ఆవకాయ జాడీతో సిద్ధంగా ఉండండి. ‘యూ డోంట్ హావ్ ఎనీ గోంగూర?’ అంటే తడుముకోకూడదు సుమా!